తోక దాకా పూర్ణం

తిండి విషయంలో మనకి ఒక పక్షపాతం ఉంది, ఎప్పుడైనా గమనించారా? పెట్టడం గొప్ప, తినడం తక్కువ. అన్నం పెట్టిన చేతిని అన్నపూర్ణ అంటాం. తిన్న నోటిని మాత్రం తిండిపోతు, తిండిగొట్టు, జిహ్వ చాపల్యం అంటూ నాలుగు రకాలుగా తిట్టుకుంటాం. ఆ తినే మనిషి ఓ మూల ఒక్కడే కూచుని, తనకిష్టమైనదేదో తెచ్చుకుని, కళ్ళు సగం మూసుకుని ఆనందిస్తున్నాడనుకోండి, ఇంకేముంది! 'చూశారా, ఒక్కడే ఎలా మింగుతున్నాడో' అంటాం. పక్కన ఇంకో మనిషి ఉంటే తినడం, లేకపోతే మింగడం కాబోలు!

ఆ మనిషి మగవాడైతే ఆ ఒక్క మాటతో వదిలేస్తాం. ఆడదైతే అంత తేలిగ్గా వదలం. పిల్లలు బడి నుంచి రాకముందు, ఆయన ఆఫీసు నుంచి రాకముందు, తన కోసం తను ఒక ప్లేటు మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిన్న ఇల్లాలి గురించి వాటాలో ఉన్నవాళ్ళంతా వారం రోజులు చెప్పుకుంటారు. ఆవిడ కూడా ఆ పొట్లం కాగితం కనబడకుండా చెత్తబుట్ట అడుగున దోపి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంటుంది. దొంగతనం చేసినవాళ్ళు కూడా అంత జాగ్రత్త పడరేమో!

మరి నిజంగా అది తప్పేనా? తన నాలుకకి నచ్చినదాన్ని, ఎవరి నోటి దగ్గర ముద్దా లాక్కోకుండా, ఒక్కత్తే కూచుని తృప్తిగా తినడంలో నీతికి వచ్చిన లోటేమిటి?

బి.ఏ.లో ఫిలాసఫీ చదివిన పాపానికి, ఇలాంటి చిన్న విషయాలకి కూడా పెద్దవాళ్ళేమన్నారో వెతుక్కోవడం నాకలవాటు. వెతికితే, ఒంటరి తిండి తరఫున మాట్లాడేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. తానొక్కడే తినేవాడు పాపాన్నే తింటున్నాడని ఋగ్వేదంలో దానాన్ని గురించిన సూక్తం చెబుతుంది. భగవద్గీత మూడో అధ్యాయంలో, తమ కోసమే వండుకునేవాళ్ళ గురించి దాదాపు ఇదే తీర్పు. పోనీ, సుఖమే పరమార్థం అన్న గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ అయినా మన పక్షం వస్తాడేమోనని చూస్తే, ఆయనా అంతే. ఏం తినాలన్నది తర్వాత, ఎవరితో తినాలన్నది ముందు చూసుకోమన్నాడట. లోకం ఈయన్ని భోగి అంటుంది గానీ, పాపం ఈయన మామూలు భోజనం రొట్టె ముక్కా మంచినీళ్ళూ! ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే ఉంటుందని, ఒక చిన్న కుండెడు చీజ్ పంపించమని స్నేహితుడికి ఉత్తరం రాసుకున్నాడు.

ఇంతమంది పెద్దలు ఏకగ్రీవంగా చెప్పాక మనం నోరు మూసుకోవలసిందే. అయినా నాకో చిన్న అనుమానం. ఈ పెద్దలందరికీ రోజూ వండి వడ్డించినవాళ్ళని కూడా ఒక మాట అడిగి ఉంటే ఏమనేవారో!

ఈ ప్రశ్న నా వెంటపడింది మన దేశంలో కాదు, టోక్యోలో. మా మేనల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. కిందటేడు వాళ్ళమ్మనీ నన్నూ పదిహేను రోజులు ఉండి వెళ్ళమన్నాడు. మా అన్నయ్య, 'ఆ చలీ ఆ తిండీ నాకు పడవు' అని బాపట్లలోనే ఉండిపోయాడు. బయల్దేరే ముందు మూడు రోజులు మా వదిన వంటింట్లోంచి ఇవతలకి రాలేదు. కందిపొడి, కరివేపాకు పొడి, చింతకాయ పచ్చడి, చేగోడీలు. సీసాలకి చీటీలంటించి, సోమవారానికేది, మంగళవారానికేది అని కాగితమ్మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించి మరీ విమానం ఎక్కింది. మనిషి టోక్యోలో తిరిగినా ఆవిడ మనసు ఆ కాగితమ్మీదే ఉండేది.

టోక్యోలో ఏ రైల్వేస్టేషన్ దగ్గర దిగినా నాలుగడుగులు వేసేసరికి రామెన్ కొట్టు తగులుతుంది. రామెన్ అంటే వేడి వేడి పులుసులో గోధుమ నూడిల్స్. అంతే అంటే అంతే, కానీ ఆ పులుసు కోసం కోడి ఎముకలో, పంది ఎముకలో గంటల తరబడి మరిగిస్తారు. సోయా పులుసు రుచితో ఒక రకం, ఉప్పు రుచితో ఒక రకం, మిసో అనే పులిసిన సోయా ముద్దతో ఒక రకం, పంది ఎముకల చిక్కటి రసంతో ఒక రకం. నూడిల్స్ పిండిలో ఒక క్షారం కలుపుతారు. మన అప్పడాల పిండిలో వేసే సోడాకి అది దగ్గర చుట్టం. వాటికా పసుపు ఛాయా, పళ్ళ కింద ఆ బిగువూ దానివల్లే వస్తాయి.

కొట్టంటే పెద్ద హోటల్ అనుకునేరు! సగం రైలు పెట్టెంత ఉంటుంది. పొడుగాటి బల్ల, దాని ముందు పదీ పన్నెండు స్టూళ్ళు. బల్లకి అవతల పొయ్యిలు, ఇవతల మనుషులు. చాలాచోట్ల గుమ్మం దగ్గరే ఒక యంత్రం ఉంటుంది. డబ్బు వేసి, కావలసినదాని బొత్తాం నొక్కితే చీటీ వస్తుంది. ఆ చీటీ ఇస్తే కాసేపట్లో గిన్నె ముందుకొస్తుంది. గిన్నె ఖరీదు వెయ్యి యెన్లకి కాస్త అటూ ఇటూ.

ఆ యంత్రం దగ్గరే వచ్చింది చిక్కు.

"అమ్మా, నీకేది కావాలి?" అన్నాడు మావాడు.

"నీ ఇష్టంరా. నువ్వేది తింటే అదే."

"నేను తినేది పంది ఎముకల పులుసమ్మా. నువ్వు తినవు."

"అయితే మీ అత్తకేది ఇష్టమైతే అదే."

"అత్త సంగతి అత్త చూసుకుంటుంది. నీ సంగతి చెప్పు."

వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ విసుక్కోవడం లేదు గానీ, వదిన మొహాన చిరుచెమట పట్టింది. యాభై మంది పంక్తికి ఒంటిచేత్తో వడ్డించగల మనిషి! ఏ బావగారికి పెరుగు పడదో, ఏ పిన్నిగారికి వంకాయ దురదో ముప్ఫయ్యేళ్ళ నాటివి కూడా జ్ఞాపకం ఉన్న మనిషి! తనకేం కావాలో చెప్పి ఒక బొత్తాం నొక్కలేకపోయింది. ఆఖరికి మావాడే కోడి పులుసుది నొక్కాడు.

కూచున్నాక చుట్టూ చూసి, "వీళ్ళందరికీ ఇళ్ళల్లో ఎవరూ లేరా ఏమిటి?" అంది నా చెవిలో, జాలిగా.

నిజమే, మా ముగ్గురం తప్ప అందరూ ఒక్కొక్కరే. ఒక ముసలాయన. టై వదులు చేసుకున్న ఒక గుమాస్తా. సంచి ఒళ్ళో పెట్టుకున్న ఒక పాతికేళ్ళ అమ్మాయి. ఎవరి గిన్నె వాళ్ళది. జుర్రుతున్న చప్పుడు తప్ప మాటా పలుకూ లేదు. జుర్రడం అక్కడ తప్పు కాదు. వేడి నూడిల్స్ కాస్త చల్లారుతాయి, వాసన ముక్కుకెక్కుతుంది, రుచి ఇంకొంచెం తెలుస్తుంది. 'ఆడపిల్లవి, చప్పుడు కాకుండా తిను' అన్న మాట విని పెరిగిన మా ఇద్దరికీ అది ఒక పట్టాన అలవాటు కాలేదు. ఆ అమ్మాయి మాత్రం ఎంచక్కా జుర్రేసి, గిన్నె రెండు చేతులతో ఎత్తి పులుసు తాగి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, ఒక్కత్తే వెళ్ళిపోయింది. మొహంలో ఏ దిగులూ లేదు. వానలో తడిసొచ్చినవాళ్ళు పొడిబట్టలు కట్టుకున్నాక ఎలా ఉంటారో అలా ఉంది.

వదిన మొదటి గుక్క పులుసు తాగింది. మాటేమీ అనలేదు గానీ, విమానం దిగిన దగ్గర్నుంచీ బిగదీసుకుని ఉన్న ఆవిడ భుజాలు కొంచెం కిందికి దిగడం నేను చూశాను. మన చారన్నంలాగే, ఆ పులుసుకీ మనిషిని సేదతీర్చే గుణం ఉంది.

ఆ గుణం ఊరికే వచ్చింది కాదు. ఆ గిన్నె వెనకాల పెద్ద ఆకలి ఉంది. రామెన్ చైనా నుంచి వలస వచ్చినవాళ్ళతో జపాన్ చేరింది. 1910లో టోక్యోలోని అసాకుసాలో 'రైరైకెన్' అనే కొట్టు, యోకోహామా నుంచి చైనా వంటవాళ్ళని పిలిపించుకుని చవగ్గా అమ్మింది. అది పేదవాళ్ళ పేటల్లో పనివాళ్ళ తిండి. 1945లో యుద్ధం ముగిసేసరికి దేశంలో బియ్యం లేవు. రేషన్ చాలక జనం దొంగ బజార్ల మీద బతికారు. ఆ రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన గోధుమపిండి ఆదుకుంది. తోపుడుబళ్ళ మీద వేడి నూడిల్స్ గిన్నె దొరకడం అప్పట్లో భాగ్యమే. ఒసాకాలో ఒక బండి ముందు చలిలో వణుకుతూ బారులు తీరిన జనాన్ని చూసిన అందో మొమొఫుకు అనే వ్యాపారికి ఆ దృశ్యం మనసులో ఉండిపోయింది. తరవాత కొన్నేళ్ళకి ఆయన ఆస్తంతా పోయింది. ఇంటి వెనక పాకలో కూచుని, నూడిల్స్‌ని నూనెలో వేయించి ఆరబెట్టే పద్ధతి కనిపెట్టి, 1958లో వేణ్ణీళ్ళు పోస్తే చాలు తయారయ్యే రామెన్ అమ్మాడు. అప్పటికాయనకి నలభై ఎనిమిదేళ్ళు. 1983లో మన దేశానికొచ్చిన రెండు నిమిషాల మ్యాగీతో సహా, ఇవాళ పిల్లలు మరిగే ఇన్‌స్టంట్ నూడిల్స్ అన్నిటికీ ఆయన కనిపెట్టినదే తాత.

అంటే ఇవాళ మనం సరదా అనుకుంటున్న ఈ రుచి, నిన్న ఎవరో ప్రాణం నిలబెట్టుకోవడానికి తిన్న తిండి. ఇది ఒక్క రామెన్‌కే కాదు. మన తరవాణీ అంతే, జొన్న సంకటీ అంతే. కాబట్టి రుచిని ఆనందించడం అంటే ఏదో కడుపు నిండినవాళ్ళ విలాసమని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. ఆకలి తెలిసినవాళ్ళే ఆ రుచిని కనిపెట్టారు.

ఇక ఒంటరితనం సంగతి. జపాన్‌లో దీనికి రెండు మొహాలున్నాయి.

ఒకటి నవ్వు మొహం. 'కొదొకు నో గురుమే' అని ఒక బొమ్మల కథ 1994లో మొదలైంది. ఒంటరి భోజనప్రియుడు అని దాని అర్థం. కుసుమి మసయుకి రాస్తే, తనిగుచి జిరో బొమ్మలు వేశాడు. 2012 నుంచి టీవీలో కూడా వచ్చి ఇంటింటా పేరు తెచ్చుకుంది. కథేమిటయ్యా అంటే ఏమీ లేదు! ఊరూరా తిరిగి వ్యాపారం చేసుకునే ఒకాయనకి పని పూర్తయ్యేసరికి ఆకలేస్తుంది. ఏ సందులోనో ఓ చిన్న కొట్టు చూసుకుని, ఒక్కడే కూచుని, ప్రతి ముద్దనీ మనసులో మెచ్చుకుంటూ తింటాడు. అంతే! ఇంట్లో అత్తగారి కుట్రలు లేవు, ఆస్తి తగాదాలు లేవు. అయినా జనం ఏళ్ళ తరబడి చూశారు. ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని అరగంట అంటే మనుషులకి అంత కరువన్న మాట.

రెండోది ఏడుపు మొహం. తల్లిదండ్రులు రాత్రిదాకా పనిలో ఉండి, పిల్లలు ఖాళీ ఇంట్లో ఒక్కరే తినడాన్ని వాళ్ళు 'కొషొకు' అంటారు. అది దేశానికి బెంగ అయి కూచుంది. 2005లో ఆహారం గురించి నేర్పడానికి ఒక చట్టమే చేశారు. ఇంటిల్లిపాదీ కలిసి తినేలా చూడడం కూడా దాని కింద పెట్టుకున్న పనుల్లో ఒకటి. 2012లో టోక్యోలోని ఓటా వార్డులో కూరగాయల కొట్టు నడిపే ఒకావిడ, బళ్ళో పెట్టే భోజనం తప్ప ఇంటి దగ్గర ఒక్క అరటిపండుతో సరిపెట్టుకుంటున్న పిల్ల ఉందని విని, తన కొట్టులోనే పిల్లలకి వేడి భోజనం పెట్టడం మొదలుపెట్టింది. పిల్లల భోజనశాల అని పేరు పెట్టింది. ఆ ఒక్క కొట్టు చూసి దేశమంతటా అలాంటివి లేచాయి. ఇప్పుడవి పదివేలు దాటాయి.

ఆ గుమాస్తా ఒక్కడే తిన్నాడు. ఆ పిల్లా ఒక్కత్తే తింది. కానీ రెండూ ఒకటి కాదు. ఒకళ్ళు కోరుకున్న ఒంటరితనం, ఒకళ్ళు గతిలేని ఒంటరితనం. పాపం ఏదైనా ఉంటే, అది ఆ పిల్లని ఒంటరిగా వదిలేసిన చోట ఉంది గానీ, గుమాస్తా గిన్నెలో లేదు.

ఇక్కడిదాకా నాకు తేలిగ్గానే అర్థమైంది. అసలు చిక్కు ఆ తర్వాత ఒక మిఠాయి దగ్గర పడింది.

జపాన్‌వాళ్ళ మిఠాయిల్లో సగానికి సగం పూర్ణంతో చేసినవే అంటే మీరు నమ్మాలి. ఎర్రగా చిన్న అలసందల్లా ఉండే అజుకి గింజల్ని ఉడికించి, పంచదార వేసి ముద్ద చేస్తారు. బియ్యప్పిండి ఉండల్లో అదే, రొట్టెల్లో అదే. గింజాలోని కిమురాయా వాళ్ళు 1874లో ఆ పూర్ణాన్ని బన్నులో కూరి అమ్మారు. మర్నాటి ఏడు చక్రవర్తికి సమర్పిస్తే, ఆయనకి తెగ నచ్చిందట. దేశమంతా బన్ను తినడం నేర్చుకుంది. వాటన్నిటిలోకీ నాకు ముద్దొచ్చింది 'తైయాకి'. చేప ఆకారంలో ఇనప అచ్చుంటుంది. అందులో పిండి పోసి, మధ్యన పూర్ణం పెట్టి, మూసి కాలుస్తారు. అజాబుజుబాన్‌లో 1909 నుంచీ తైయాకి చేస్తున్న నానివాయా అనే కొట్టుంది. తల వైపు నుంచి తినాలా, తోక వైపు నుంచి తినాలా అని అక్కడివాళ్ళు సరదాగా వాదించుకుంటారు. తలలోనూ పొట్టలోనూ పూర్ణం దండిగా ఉంటుంది. తోక సన్నంగా ఉంటుంది కదా, అక్కడ చాలా కొట్లలో ఉత్త పిండే.

మావాడు మనిషికొకటి చొప్పున మూడు కొన్నాడు. వదిన ఒక ముక్క కొరికి, "ఒరే, ఇది మన పూర్ణం బూరే కదరా!" అని పసిపిల్లలా నవ్వింది. ఆవిడ మొహం అంత వెలగడం నేనా ప్రయాణంలో అదే చూడడం. నవ్విందా, వెంటనే ఏం చేసిందో తెలుసా? తన చేతిలోదాన్ని మూడు ముక్కలు చేసింది. తల కొడుకు చేతిలో పెట్టింది. పొట్ట నా చేతిలో పెట్టింది. తోక తను తింది.

మా చేతుల్లో మాకు చెరొకటీ ఉన్నాయి. ఎవరూ అడగలేదు. ఆవిడ త్యాగం చేస్తున్నాననీ అనుకోలేదు. అరచెయ్యి దానంతటదే ఆ పని చేసేసింది. అంతకుముందు క్షణం, బహుశా ఎన్నో ఏళ్ళ తర్వాత, తనకేదో నచ్చిందని ఆవిడకి తెలిసింది. తెలిసిన మరుక్షణం దాన్ని పంచెయ్యకపోతే చెయ్యి ఊరుకోలేదు.

అడగందే అమ్మైనా పెట్టదని సామెత. బాగానే ఉంది. మరి అమ్మ ఎవర్ని అడగాలి?

దీనికి సమాధానంగా ఎవరైనా, 'పెట్టడంలోనే అమ్మకి ఆనందం' అంటారు. అది అబద్ధమని నేననను. పెట్టే సుఖం నాకూ తెలుసు. ఇంట్లోవాళ్ళు రెండోసారి వడ్డించమన్నప్పుడు కడుపు నిండినట్టే ఉంటుంది. కానీ నిండినట్టుండడం వేరు, నిండడం వేరు. ఇతామి జూజో 1985లో తీసిన 'తంపోపో' అనే సినిమా ఉంది. రామెన్ కొట్టు నడుపుకుంటూ, మంచి రామెన్ చెయ్యడం నేర్చుకునే ఒక వితంతువు కథ. అందులో ఆ కథకి సంబంధం లేని ఒక చిన్న ఘట్టం ఉంది. ఒక ఇల్లాలు చావు బతుకుల్లో ఉంటుంది. చుట్టూ పిల్లలు. డాక్టరూ ఉంటాడు. మొగుడు పరుగెత్తుకుంటూ వచ్చి, ఏం చెయ్యాలో తోచక, 'లేచి వంట చెయ్యి' అంటాడు. ఆవిడ నిజంగానే లేస్తుంది. తూలుతూ వెళ్ళి అన్నం వేయించి తెచ్చి అందరికీ పెడుతుంది. వాళ్ళు తింటుంటే చూసి చిన్నగా నవ్వి, పక్కకి ఒరిగిపోతుంది. మీ అమ్మ చేసిన ఆఖరి వంట, వేడిగా ఉండగానే తినెయ్యండి అని తండ్రి ఏడుస్తూ పిల్లల్ని గదమాయిస్తాడు.

చూసినవాళ్ళకి ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే గొంతు పట్టేస్తుంది. ఆ నవ్వు నిజమైనదే, ఆ తల్లి తృప్తీ నిజమైనదే. కానీ ఆ ఇంట్లో ఆవిణ్ణి లేపడానికి వంట తప్ప ఇంకో పిలుపు ఎవరికీ తెలియలేదు. ఆవిడకేం తినాలని ఉందో కడసారైనా అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ పిల్లలు దుర్మార్గులు కారు, పాపం. వాళ్ళకి అలవాటు లేదు, అంతే.

ఒకళ్ళ నాలుక రుచికి అంత విలువెందుకని మీరడగొచ్చు. ఇంకో కథ చెబుతాను. ఇదీ టోక్యోలోదే. 1912లో ఢిల్లీలో వైస్రాయి మీద బాంబు వేసిన కేసులో ఆంగ్ల ప్రభుత్వం రాస్ బిహారీ బోస్ కోసం వెతుకుతుంటే, ఆయన 1915లో జపాన్ పారిపోయాడు. అక్కడి ప్రభుత్వం దేశం విడిచి పొమ్మంటే, షింజుకులో నకమురాయా అనే రొట్టెల కొట్టు నడిపే సోమా దంపతులు ఆయన్ని దాచారు. తర్వాత తమ కూతురు తొషికోని ఇచ్చి 1918లో పెళ్ళి చేశారు. ఆ అమ్మాయి 1925లోనే పోయింది. దేశం పోయి, ఇల్లాలు పోయి మిగిలిన ఆ మనిషికి అక్కడ దొరికే కూర నచ్చలేదు. ఇంగ్లీషువాళ్ళ చేతిమీదుగా వచ్చిన, పిండి కలిపి చిక్కబెట్టిన కూర అది. తన ఇంటి కూర ఇలా ఉండదని ఆయన పట్టుపట్టాడు. 1927లో నకమురాయా ఆయన చెప్పిన పద్ధతిలో కోడికూర వండి అమ్మడం మొదలుపెట్టింది. ఇవాళ్టికీ అమ్ముతోంది. బోస్ 1945 జనవరిలో, స్వతంత్రం చూడకుండానే పోయాడు. ఆయన నాలుక గుర్తుపెట్టుకున్న రుచి మాత్రం ఆ ఊరికి మిగిలింది.

'ఏదైతేనేం, కడుపు నిండితే చాలు' అని ఆయన ఊరుకుని ఉంటే ఆ కూర లేదు. తనకేది ఇష్టమో గట్టిగా తెలిసినవాడు కాబట్టే ఇంకొకళ్ళకి ఇవ్వడానికి ఆయన దగ్గర ఒకటి మిగిలింది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు పెద్దవాళ్ళు. అందులో ఆడవాళ్ళ పుర్రెని మినహాయించమని ఎక్కడా లేదు.

జపాన్‌వాళ్ళు తినే ముందు చేతులు జోడించి 'ఇతదకిమస్' అంటారు, వినయంగా స్వీకరిస్తున్నానని. తిన్నాక 'గొచిసో సమ' అంటారు. ఈ రెండో మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అందులో 'చిసో' అంటే పరుగెత్తడమని అర్థం. అతిథి కోసం అక్కడికీ ఇక్కడికీ పరుగులు పెట్టి సరుకులు తెచ్చి వండినవాళ్ళ శ్రమని తలుచుకోవడం అన్న మాట. 'బాగుంది' అనడం కాదు, 'మీరు పరిగెత్తారు, నాకు తెలుసు' అనడం. ఆ రామెన్ కొట్టులో ఒక్కత్తే తిన్న అమ్మాయి కూడా, లేచి వెళ్తూ పొయ్యి దగ్గరున్నాయన వైపు తిరిగి ఆ మాట అనే వెళ్ళింది.

దాంతో నా ప్రశ్నకి సమాధానం దొరికినట్టనిపించింది. ఋగ్వేదం అబద్ధం చెప్పలేదు. గీతా చెప్పలేదు. ఒంటరిగా తినడం పాపమే. అయితే ఆ ఒంటరితనాన్ని కుర్చీలు లెక్కపెట్టి కొలవకూడదు. పరిగెత్తినవాళ్ళని తలుచుకుని తిన్న మనిషి, ఎదురుగా గోడ తప్ప ఎవరూ లేకపోయినా, ఒంటరిగా తిన్నట్టు కాదు. పదిమంది నవ్వుకుంటూ పంక్తిలో కూచుని తింటుండగా, పదకొండో మనిషి వంటింట్లో నిలబడి, ఏది మిగులుతుందా అని గిన్నెల వంక చూస్తోందనుకోండి. ఆ పదిమందీ తింటున్నది ఒంటరి తిండే. పెద్దలు పాపమన్నది దాన్నేనని నా నమ్మకం.

కాబట్టి ఇల్లాళ్ళు ఎప్పుడైనా ఒక పూట, ఎవరికీ చెప్పకుండా, తమకిష్టమైనది ఒక్కరే కూచుని తింటే ఆ పొట్లం కాగితం దాచుకోనక్కర్లేదు. ఎన్నాళ్ళుగానో బాకీ ఉన్నదాంట్లో కొంచెం అది. అయితే అదొక్కటే చాలదని కూడా నాకు తెలుసు. దొంగతనంగా తిన్న బజ్జీ వల్ల ఇంట్లో పంక్తి మారదు. తైయాకి చేసే కొట్లలో తోక చివరిదాకా పూర్ణం కూరేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ దగ్గర తోక ఎవరికొచ్చినా నష్టం లేదు. ఇంట్లో మనం చెయ్యవలసిన పనీ అలాంటిదే. తోక ఎవరు తినాలన్న త్యాగాల పోటీ కాదు, తోకలో కూడా పూర్ణం పడేలా చూడడం.

దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఈ ఆదివారం మీ ఇంట్లో వండే మనిషిని కూచోబెట్టి, 'నీకేం తినాలని ఉంది?' అని అడగండి. 'మీ ఇష్టం' అంటుంది. 'పిల్లలకేది ఇష్టమైతే అదే' అంటుంది. నమ్మకండి. ఆవిడకి సమాధానం తెలియక అంటున్న మాట అది. వెతుక్కోవడానికి కాస్త వ్యవధి కావాలి. వచ్చే ఆదివారం మళ్ళీ అడగండి.